మిరియం మొరగని రోజు

ఎబెనేజర్‌ను చూసినవాళ్లెవరూ ఆ మనిషికి దేనికైనా భయం ఉంటుందని అనుకోరు. ఆరడుగుల ఎత్తు, నెరిసిన గుబురు మీసం. నిండు గ్యాస్ బండను భుజానికెత్తుకుని, లిఫ్టు లేని ఇళ్లలో పై అంతస్తు దాకా మధ్యలో దించకుండా ఎక్కేస్తాడు. బీరంగూడ కాలనీల్లో ఇల్లాళ్లు అతని ట్రాలీ ఆటో చప్పుడు వినగానే ఖాళీ బండను గుమ్మం దగ్గరికి దొర్లించి ఉంచుతారు. ఆదివారం చర్చిలో వెనక నిలబడి పాట ఎత్తుకుంటే, ముందు వరసలో కూర్చున్నవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. అంత గొంతు.

అలాంటి మనిషికి కుక్కలంటే ప్రాణం పోయేంత భయం.

ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు. సదాశివపేట దగ్గరి పల్లెలో, వాళ్ల నాన్న అంజయ్య కూలికి పోయే చేలల్లో, ఎబెనేజర్ కుక్కపిల్లలతోనే ఆడుకున్నాడు. పదో తరగతి అయ్యాక పాశమైలారం వచ్చి ఒక మందుల కంపెనీ బాయిలర్ దగ్గర కాంట్రాక్టు పనికి కుదిరాడు. ఒకసారి పొద్దుటి షిఫ్టుకు సైకిల్ మీద పోతుంటే, కంపెనీల వెనక చెత్త దగ్గర తిరిగే కుక్కల గుంపు వెంటపడింది. సైకిల్‌తో సహా బోర్లా పడ్డాడు. పిక్క కండ ఊడొచ్చింది. సూదులు వేయించుకున్నాడు, పుండు మానింది, కుంటు కూడా పోయింది. కానీ ఆ తర్వాత కుక్క కనిపిస్తే చాలు, కాళ్లలో సత్తువ దిగిపోయేది, అరచేతులు తడిసిపోయేవి.

కొన్నాళ్లకు ఆ కంపెనీ మూతపడింది. ఎబెనేజర్ డ్రైవింగ్ నేర్చుకుని గ్యాస్ ఏజెన్సీలో చేరాడు. ఇంటింటికీ తిరిగే పని. ఇంటింటికీ అంటే కుక్కలున్న ఇళ్లకు కూడా. అతనికి సాకులు వాటంతటవే వచ్చేవి. "ఆ గల్లీల నా బండి తిరగదు" అనేవాడు. "నడుం పట్టింది, గేటు కాడికెళ్లే తీస్కపోన్రి" అనేవాడు. మరీ తప్పకపోతే తోటి డ్రైవర్ లింగానికి ఆ ఇళ్లు అప్పజెప్పి, లింగం ఇళ్లు తను తీసుకునేవాడు. అసలు సంగతి భార్య క్లారాకు తప్ప ఎవరికీ తెలియదు.

బీరంగూడలో అతనికి బాగా నచ్చిన ఇల్లు సూర్యప్రకాశరావు గారిది. కాకినాడ నుంచి ఉద్యోగం కోసం వచ్చి, ఇక్కడి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో డ్రాయింగులు గీసి రిటైరైన మనిషి. బండ తెచ్చినప్పుడల్లా ఆయన భార్య కమలాకుమారి చల్లటి మజ్జిగ ఇచ్చేది. ఆ ఇంట్లో కుక్క లేదు. ఎబెనేజర్ నిశ్చింతగా వంటింటి దాకా వెళ్లి, బండ బిగించి, సబ్బు నురగ పెట్టి లీకేజీ చూసి మరీ వచ్చేవాడు.

ఆ రోజు కూడా అలాగే ఈల వేసుకుంటూ గేటు ముందు బండ దించాడు. ఇనుప బండ సిమెంటు మీద ఠంగుమంది. అంతే, లోపలి కిటికీ మీదికి ఏదో దూకినట్టయింది. ఇల్లు అదిరేలా మొరుగుడు. కిటికీ ఊచల మధ్య నల్లటి మూతి, తెల్లటి పళ్లు. ఎబెనేజర్ వెనక్కి అడుగువేయబోయి మురికికాలువ అంచు మీద కూలబడ్డాడు. బండ దొర్లుకుంటూ పోయి ఎదురింటి స్కూటర్‌కు తగిలి ఆగింది.

సూర్యప్రకాశరావు గారి అమ్మాయి రమ్యశ్రీ పరుగెత్తుకుంటూ బయటికి వచ్చింది. పాశమైలారంలో ఒక కంపెనీ ల్యాబులో పనిచేసే పిల్ల. "అయ్యో, దెబ్బ తగిలిందా అన్నా? సారీ, సారీ. కిటికీ మూసే ఉంచాలి. మర్చిపోయాను."

  ఎబెనేజర్ చెమట పట్టిన అరచేతులను ఆమెకు కనపడకుండా ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆమె చూడనే చూసింది. ఇక దాచి లాభం లేదనిపించింది.

"నాకు కుక్కలంటె భయం మేడం. పాణం పోతది. ఇగ మీ ఇంటికి లింగం వస్తడు, నేను రాను."

ఆమె నవ్వలేదు. "దానికీ మీరంటే అంతే భయం అన్నా" అంది. "అందుకే అంత గోల."

ఎబెనేజర్ నమ్మలేదు. భయపడ్డవాళ్లు అట్ల మీదికొస్తారా అనుకున్నాడు. అయినా గోడ పట్టుకుని నిలబడి, ఆమె చెప్పేది విన్నాడు.

రమ్యశ్రీ ఆఫీసుకు వెళ్లే దారిలో మూతపడిన ఫ్యాక్టరీ ఒకటి ఉంది. అక్కడి షెడ్డులో ఈ కుక్కను గొలుసుతో కట్టేసి, కాపలావాళ్లు ఎటో వెళ్లిపోయారు. మూరెడు గొలుసు. చుట్టూ ఇనుప పైపులు, చప్పుళ్లు. ఉన్నన్నాళ్లూ వాళ్లు దాన్ని పైపుతో అదిలించేవాళ్లని పక్క టీ కొట్టు ఆమె చెప్పింది. రమ్యశ్రీ విడిపించి తెచ్చేసరికి దాని మెడ మీద వెంట్రుకలే లేవు. ఇంట్లోవాళ్లను తొందరగానే నమ్మింది. కానీ పొడుగు మగవాళ్లను చూసినా, ఇనుము మోగినా ఒళ్లు మరిచిపోతుంది.

"పేరేంది?" అని అడిగాడు, ఏదో ఒకటి అడగాలని.

"మిరియం. నల్లగా, గుండ్రంగా ఉంది కదా."

ఎబెనేజర్ మీసాల కింద చిన్న నవ్వు మెదిలింది. "మా మేనత్త పేరు మిర్యామమ్మ మేడం. ఆమెకు గూడ గింతే నోరు."

ఆ తర్వాత రెండు మూడు సార్లు లింగమే ఆ ఇంటికి బండ వేశాడు. లింగం పొట్టివాడు కాబట్టి గోల కొంచెం తక్కువే గానీ, ఆగలేదు. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. పేపరు వేసే అతను గేటు దాకా రావడం మానేశాడు. ఒక సాయంత్రం రమ్యశ్రీ ఎబెనేజర్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, దీపావళి దాకా చూసి, ఇలాగే ఉంటే ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారు నాన్న. సంగారెడ్డిలో ఒక వెటర్నరీ డాక్టరమ్మ నాకు పద్ధతి చెప్పింది. దానికి మీలాంటి మనిషి ఒకరు కావాలి. మీరు దగ్గరికి రావద్దు. గల్లీ చివర నిలబడితే చాలు. ఎప్పుడు వెళ్లిపోవాలనిపిస్తే అప్పుడు వెళ్లిపోండి."

కుక్కల విషయంలో ఇంతవరకూ అతనితో ఎవరూ అలా మాట్లాడలేదు. ఏం చేయదు పో, ఏం చేయదు పో అన్నవాళ్లే అందరూ. దూరంగా నిలబడొచ్చు, పారిపోవచ్చు అన్న మనిషి ఈమే మొదలు.

"గల్లీ చివర్నంటె వస్త" అన్నాడు.

అలా మొదలైంది. పని అయిపోయాక ట్రాలీని కాలనీ ముఖద్వారమైన కమాన్ వైపు ఆపి, ఎబెనేజర్ గల్లీ మొదట్లో కరెంటు స్తంభం పక్కన నిలబడేవాడు. అటు చివర గేటు బయట రమ్యశ్రీ మిరియాన్ని పట్టుకుని ఉండేది. మెడకు పట్టీ, ఛాతీకి ఇంకో పట్టీ, రెంటికీ కలిపి తాడు. కుక్క అతన్ని చూసిన మరుక్షణం ఆమె దాని నోటికి ఏదో అందించేది. చూడ్డం, తినడం. చూడ్డం, తినడం. కాసేపటికి లోపలికి తీసుకెళ్లిపోయేది.

"గింతేనా?" అని అడిగాడు మొదటి రోజు.

"ఇంతే. మొరగకముందే ఆపెయ్యాలి. దానికి మీరు కనిపిస్తే మంచిది జరుగుతుందని గుర్తుండాలి, అంతే. మీరు దాని కళ్లలోకి చూడొద్దు. కొంచెం పక్కకి తిరిగి నిలబడండి. ఎదురుగా నిలబడితే కొట్లాటకొచ్చారనుకుంటుంది."

పక్కకి తిరిగి నిలబడడం ఎబెనేజర్‌కు హాయిగానే ఉంది. కుక్క కళ్లలోకి చూడాలన్న సరదా అతనికీ లేదు.

ఒక చిక్కు వచ్చింది. సూర్యప్రకాశరావు గారింట్లో మాంసం వండరు. పెరుగన్నానికీ, పనీరు ముక్కకూ మిరియం కొంత దారికొచ్చింది గానీ, అతను ఒక ఇల్లు దాటి ముందుకొచ్చేసరికి ఆ ముక్కలు దానికి ఆనలేదు. కోడి కార్జం ఉడకబెట్టి పెడితే ఫలితం ఉంటుందని డాక్టరమ్మ చెప్పిందట. రమ్యశ్రీ మొహమాటపడుతూ ఆ మాట చెప్పింది. ఎబెనేజర్ ఇంటికెళ్లి క్లారాను అడిగాడు.

క్లారా నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందయ్యా, కుక్కను జూస్తె ఉరికేటోనివి, దానికి కార్జం ఉడకబెట్టుమంటున్నవా? నాకు ఏనాడన్న తెచ్చినవా కార్జం?"

"నీకు గూడ తెస్త తియ్యి."

ఆమె ఉప్పూకారం లేకుండా ఉడకబెట్టి, గోరంత ముక్కలు కోసి, చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చింది. మర్నాటి నుంచి అది రోజూ జరిగేది. డబ్బాను ఎబెనేజర్ స్తంభం దగ్గర పెట్టి దూరం జరిగితే, రమ్యశ్రీ వచ్చి తీసుకునేది. మరి కొన్నాళ్లకు మిరియం అతన్ని చూసి చెవులు నిక్కించడం మాని, తల తిప్పి రమ్యశ్రీ చేతివైపు చూడడం మొదలుపెట్టింది.

చప్పుడుకూ ఒక దారి చూశారు. ఎబెనేజర్ తన బండల చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి పంపాడు. రమ్యశ్రీ దాన్ని పక్కగదిలో, వినీ వినబడనంత చిన్నగా మోగించి కార్జం పెట్టేది. కొద్దికొద్దిగా పెంచుతూ పోయింది. ఇల్లంతా గ్యాస్ గోడౌన్‌లా ఉందని సూర్యప్రకాశరావు విసుక్కున్నారు గానీ, ఆపమనలేదు.

కుక్కను చూడడం ఎబెనేజర్ అప్పుడే నేర్చుకున్నాడు. అంతకుముందు అతనికి కుక్కంటే పళ్లే. ఇప్పుడు మిరియం మూతి నాక్కుంటే బెదిరినట్టనీ, నిద్ర రాకుండానే ఆవలిస్తే లోపల ఇబ్బందిగా ఉన్నట్టనీ, తోక బిగబట్టి నిలబడితే ఇంక చాలనీ తెలిసింది. ఒకరోజు రమ్యశ్రీ కంటే ముందే అతను గమనించి "చాలు బిడ్డా, లోపటికి తీస్కపో, పరేషానైతున్నది" అన్నాడు. మేడం కాస్తా ఎప్పుడు బిడ్డ అయిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

సగం గల్లీ దాటారనగా దెబ్బ పడింది. ఎవడో సైలెన్సర్ పీకేసిన బైకు వేసుకుని వాళ్లిద్దరి మధ్య నుంచి దూసుకుపోయాడు. మిరియం గింగిరాలు తిరిగి, గొంతు చించుకుని, తాడు కొరికి, చివరికి ఎబెనేజర్ వైపే పళ్లు బయటపెట్టింది. అతనూ పాత ఎబెనేజరే అయిపోయాడు. ట్రాలీ ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఆ వారమంతా దానికి ట్రాలీ దూరంగా కనిపించినా వణుకే.

ఆ రోజుల్లోనే, మిరియాన్ని లోపలి గదిలో పెట్టి వచ్చి, రమ్యశ్రీ గేటు మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. "అంతా పోయింది అన్నా. నాన్న అన్నదే నిజం."

ఎబెనేజర్ ట్రాలీని గేటు దాకా తెచ్చి, దిగకుండానే కిటికీలోంచి చెప్పాడు. "ఏం పోలే బిడ్డా. నన్ను కుక్కలు వట్టినంక నేనెన్నేండ్లు భయపడ్డ? దానికి ఒక్క వారం గూడ ఇయ్యవా? స్తంభం కాడికెళ్లి మల్ల మొదలువెడదాం."

మళ్లీ స్తంభం దగ్గర నుంచే మొదలుపెట్టారు. ఈసారి తొందరగా సాగింది. దీపావళికి రమ్యశ్రీ తలుపులన్నీ బిగించి, ఫ్యాన్ పెద్దగా తిప్పి, దాంతో పాటు గదిలోనే ఉంది. ఆ పండుగ గడిచిన కొన్ని రోజులకు, ఎబెనేజర్ ఖాళీ బండ ఒకటి భుజాన వేసుకుని గేటు దాకా నడిచి వచ్చాడు. మెల్లగా దించాడు. ఠంగుమంది. వరండాలో తాడుతో కట్టి ఉన్న మిరియం లేచి నిలబడింది. మూతి నాక్కుంది. తల తిప్పి రమ్యశ్రీని చూసింది, నా ముక్క ఏదీ అన్నట్టు.

మొరగలేదు.

కిటికీ వెనక సూర్యప్రకాశరావు అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదలడం గేటు దాకా వినిపించింది. "కమలా, ఎబెనేజర్‌కి మజ్జిగ ఇవ్వు" అన్నారు లోపలికి చూస్తూ. ఆ తర్వాత వదిలేసే మాట ఆయన ఎత్తలేదు.

ఇదంతా సాఫీగా సాగుతోంది అనుకుంటుండగా, ఒక మధ్యాహ్నం పక్క వీధిలో పెళ్లి బరాత్ వచ్చింది. డీజే, దాని వెనక టపాకాయల దండ. కమలాకుమారి కూరగాయలు తీసుకోవడానికి గేటు తీసిన క్షణంలోనే ఆ దండ పేలింది. మిరియం ఆమె కాళ్ల పక్క నుంచి దూరి, వీధిలోకి, అటు నుంచి కమాన్ వైపు పరుగు. ఒంటి మీద మెడపట్టీ తప్ప ఏమీ లేదు. సూర్యప్రకాశరావు చెప్పులు కూడా లేకుండా "మిరియం! మిరియం!" అని అరుస్తూ వెంటపడ్డారు. ఆయన అరిచేకొద్దీ అది మరింత వేగంగా పరుగెత్తింది. కమాన్ అవతల ముంబై హైవే. రమ్యశ్రీ పాశమైలారంలో డ్యూటీలో ఉంది.

ఎబెనేజర్ ఆ సమయానికి కమాన్ దగ్గరే బండలు దించుతున్నాడు. రొప్పుతూ వస్తున్న పెద్దాయన్ను పట్టుకుని ఆపాడు.

"ఉరుకకున్రి సార్. మీరు ఉరికితె అది హైవే మీదికి వోతది. ఈడనే కూసోన్రి. బిడ్డకు ఫోన్ కొట్టున్రి. నేను జూస్త."

సర్వీసు రోడ్డు మీద పండ్లబండి అతన్ని అడిగాడు, పంక్చరు షాపు అతన్ని అడిగాడు. నల్ల కుక్క పటాన్‌చెరు వైపు పోయిందన్నారు. ట్రాలీని మెల్లగా నడుపుతూ రోడ్డు అంచులన్నీ చూశాడు. చూడకూడనిది ఏదీ రోడ్డు మీద కనిపించకపోయేసరికి ఒక్కో మలుపు దగ్గరా "దేవా, స్తోత్రం" అనుకున్నాడు. కొంత దూరం పోయాక, లారీలు వరుసగా ఆపి ఉన్న చోట ఇద్దరు డ్రైవర్లు కట్టె పట్టుకుని వంగి ఒక లారీ కిందికి చూస్తున్నారు.

"పాగల్ కుత్తా హై భాయ్, దూర్ రహో" అన్నాడు ఒకడు, పిచ్చికుక్క దగ్గరికి పోవద్దన్నట్టు.

"పాగల్ నహీ హై. హమారా హై" అన్నాడు ఎబెనేజర్. ‘మాది’ అన్న ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయాడు. కట్టె పక్కన పెట్టించి, ఇద్దరినీ టీ తాగి రమ్మని పంపేసి, రమ్యశ్రీకి ఫోన్‌లో చోటు చెప్పాడు.

వెనక చక్రాల మధ్య మిరియం ముడుచుకుని ఉంది. ఒళ్లంతా వణుకు, ఎడతెగని గుర్రుమనే చప్పుడు. రమ్యశ్రీ లేదు. తాడు లేదు. మధ్యలో గల్లీ అంత దూరమూ లేదు. ఎబెనేజర్ అరచేతులు తడిసిపోయాయి. పిక్కలో పాత గాయం చోట జివ్వుమంది. వెళ్లిపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. ఇంకో లారీ హారన్ కొడితే అది హైవే మీదే ఉంటుంది.

అతను లారీ నుంచి కొంచెం ఎడంగా, పక్కకి తిరిగి, దుమ్ములో చతికిలబడ్డాడు. చక్రాల వైపు చూడలేదు. పిలవలేదు. ట్రాలీలోంచి వెంట తెచ్చుకున్న అన్నం డబ్బా తీశాడు. ఆ రోజు క్లారా ఉడికిన గుడ్డు పెట్టింది. చిన్న ముక్క తుంచి, చూడకుండానే, చక్రం ముందుకు విసిరాడు. మళ్లీ ఇంకో ముక్క, కొంచెం ఇవతలికి. భయం పోగొట్టుకోవడానికి చర్చి పాట ఒకటి లోగొంతుకతో ఎత్తుకున్నాడు. ఎంతసేపు పాడాడో అతనికే తెలియదు. గుర్రుమనే చప్పుడు ఎప్పుడో ఆగింది. మట్టిలో గోళ్లు గీసుకున్న చప్పుడు. ఆ తర్వాత మోచేతి దగ్గర వెచ్చటి ఊపిరి.

ఎబెనేజర్ కదల్లేదు. మిరియం అతని చొక్కా వాసన చూసింది, చెయ్యి వాసన చూసింది, గుడ్డు అయిపోయిందని రూఢి చేసుకుంది. తర్వాత అతని తొడకు వీపు ఆనించి కూర్చుంది. దాని వణుకు అతని ఒంట్లోకి పాకింది. కాసేపటికి ఎవరి వణుకు తగ్గుతోందో తెలియలేదు గానీ, తగ్గింది. మెడపట్టీ పట్టుకుందామా అని చెయ్యి లేపబోయి ఆగాడు. పట్టుకుంటే బెదురుతుంది. కూర్చోవాలనుకుంటే కూర్చుంటుందిలే అని పాట కొనసాగించాడు.

రమ్యశ్రీ స్కూటర్ దూరంగానే ఆపి, తాడు చేత్తో పట్టుకుని నడిచి వచ్చింది. ఆ ఇద్దర్నీ చూసి, తనూ దుమ్ములోనే కూర్చుండిపోయింది. మిరియం తోక ఆడించింది. తాడు తగిలించాక కూడా చాలాసేపు ఎవరూ లేవలేదు.

"మీకు భయం వేయలేదా అన్నా?" అంది చివరికి.

"ఎయ్యకుండ ఎట్లుంటది బిడ్డా? ఇప్పటికి గూడ కాళ్లు లేస్తలేవు. జెర చెయ్యియ్యి." చెయ్యి పట్టుకుని లేచాడు. లేచాక ఇద్దరికీ నవ్వు ఆగలేదు. టీ తాగి వచ్చిన డ్రైవర్లు వీళ్లేదో పిచ్చివాళ్లన్నట్టు చూసి, లారీ ఎక్కి వెళ్లిపోయారు.

ఎబెనేజర్ కుక్కలంటే భయం లేని మనిషి అయిపోలేదు. వీధికుక్కల గుంపు కనిపిస్తే ఇప్పటికీ ట్రాలీ వేగం పెంచుతాడు. మిరియం కూడా హెల్మెట్ పెట్టుకున్నవాళ్లను చూస్తే ఇప్పటికీ ఒకసారి భౌమంటుంది. కాకపోతే కుక్కలున్న ఇళ్లను లింగానికి అప్పజెప్పడం మానేశాడు. గేటు దగ్గర ఆగి, "నాకు భయం, జెర కట్టేయున్రి" అని చెప్పేస్తాడు. జనం నవ్వకుండా కట్టేస్తున్నారు. ఇంత సులువని ముందే తెలిస్తే ఎంత బాగుండేదో అని క్లారాతో అన్నాడు ఒకనాడు.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక క్లారాను సూర్యప్రకాశరావు గారింటికి తీసుకెళ్లాడు. తన చేతి కార్జం ఇన్నాళ్లు తిన్నది ఎవరో చూడాలని ఆమె పట్టుబట్టింది. కమలాకుమారి పులిహోర పెట్టింది. ఆడవాళ్లిద్దరూ వంటింట్లో మాటల్లో పడ్డారు. సూర్యప్రకాశరావు పేపరు చదువుతూ కునికిపాట్లు పడుతున్నారు. వరండాలో చాప మీద ఎబెనేజర్ నడుం వాల్చాడు. మిరియం వచ్చి కాళ్ల దగ్గర ఒక చుట్టు తిరిగి పడుకుంది. కాసేపటికి చాప మీద రెండు గురకలు వినిపించసాగాయి.